పదకొండుకి పదకొండు

గ్రాఫు సారు మా అక్కని కాగితం మీద ఆరోగ్యవంతురాల్ని చేశాడు. ఆ ఉసురు ఆయనకి తగిలేదాకా ఆయన్ని పొగుడుతూనే ఉండాలని నిర్ణయించుకున్నాను. తిడితే పట్టించుకునే మనిషి కాదు. పొగిడితే మాత్రం పేపర్లోంచి కత్తిరించి ఫైల్లో అంటించుకుంటాడని వాళ్ల అటెండరు చెప్పాడు. సారూ, ఇది కూడా అంటించుకోండి. జిగురు నేను కొనిస్తాను.

నేను ఏడో తరగతి దాటలేదు. బోరు మోటార్లు బాగుచేసుకుని బతుకుతున్నాను. సైన్సు గురించి మాట్లాడే అర్హత నాకు లేదని గ్రాఫు సారు ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు. కాబట్టి ఇందులో సైన్సు ఉండదు. కళ్లతో చూసింది, చెవులతో విన్నది, అంతే.

మంత్రిగారు మా అక్క వాళ్ల వీధి చివర టెంటు వేయించుకుని మైకు ముందు నిలబడిన రోజు నుంచి చెప్పాలి.

"ప్రకృతి వైపరీత్యాలు! పర్యావరణ భద్రత! క్యాన్సర్! ఈ మూడూ ఇన్నాళ్లూ మూడు ఆఫీసుల్లో విడివిడిగా పడున్నాయి. ఒకదాని ముఖం ఒకటి చూసుకునేవి కావు. ఈ రోజు వాటిని నేను ఒకటి చేస్తున్నాను!" అని రెండు చేతులూ కలిపి చూపించారు, దగ్గరుండి పెళ్లి చేయించినట్టు.

జనం చప్పట్లు కొట్టారు. ఆ మూడూ మా వీధిలో ఎప్పుడో కాపురం పెట్టేశాయని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఫ్యాక్టరీ బొగ్గు కాలుస్తుంది. ఆ బూడిదని నీళ్లలో కలిపి, గొట్టాల్లో తోలి, మూడంతస్తుల ఎత్తున్న మట్టిగట్టు వెనక నింపుతుంది. గట్టు కింద మా అక్క వాళ్ల వీధి. ఇటు ఇరవై రెండు ఇళ్లు, అటు ఇరవై రెండు. నడిమధ్యన ఒకే ఒక్క బోరు. గట్టు ఊరుతుంది, ఆ ఊట బోరులోకి దిగుతుంది, బోరుని వీధి తాగుతుంది. అందులో దించిన మోటారుకి నీళ్లు పైకి తోసే ఇంపెల్లర్ చక్రాలు వేరేచోట ఏడేళ్లు తిరుగుతాయి. ఇక్కడ నాలుగు నెలలకి పైకి లాగితే ఎలకలు కొరికిన రొట్టెల్లా వస్తాయి. మనుషుల లోపల ఏమవుతోందో నాకు తెలీదు. మనుషుల్ని పైకి లాగి చూసే పుల్లీ నా దగ్గర లేదు.

ఆ మూడిటికీ కలిపి మంత్రిగారు పెట్టిన పరిశోధనా కేంద్రానికి మొదట్లోనే ఒక చిక్కొచ్చింది. డబ్బేమో ప్రకృతి వైపరీత్యాల నిధిది. గట్టేమో ఫ్యాక్టరీ కట్టింది. మనిషి కట్టింది ప్రకృతి ఎలా అవుతుంది? ఇలాంటి ప్రశ్నలకి మనబోటివాళ్లయితే తల పట్టుకుంటాం. మంత్రిగారు పెన్ను పట్టుకున్నారు. మర్నాడు గెజెట్‌లో గట్టుని కొండగా ప్రకటించారు. కొండకి బాధ్యుడు దేవుడు కదా, ఫ్యాక్టరీవాళ్లు ఆనందం పట్టలేక ఆ సాయంత్రమే కొండ మీద మొక్కలు నాటారు.

కొండకి ఒక పగులుంది. పగులు పెరుగుతోందో లేదో తెలుసుకోడానికి దాని మీద అడ్డంగా ఒక గాజుపట్టీ అతికించారు. పెరిగితే గాజు పగులుతుంది, అదీ లెక్క. వారానికే పగిలింది. ఇంకోటి అతికించారు, అదీ పగిలింది. అప్పుడు గ్రాఫు సారు బాగా ఆలోచించి రబ్బరుపట్టీ పెట్టించాడు. ఈ రోజువరకూ అది పగల్లేదు.

గ్రాఫు సారంటే ఆ కేంద్రానికి డైరెక్టరు. పెద్ద పెద్ద చదువులు చదివాడు. ఏది చూసినా గీత గీయందే నిద్రపోడు. భార్య కోపానికి కూడా గ్రాఫు వేసి గోడకి తగిలించాడని, అది చూసి ఆవిడ కోపం ఇంకో గడి పైకి వెళ్లిందని చెప్పుకుంటారు.

ఆయన మా వీధికొచ్చిన రోజు నేను బోరు దగ్గరే ఉన్నాను. వెంట ఇద్దరు మనుషులు, ఒక పెయింటు డబ్బా.

"నీళ్ల వల్ల జబ్బు వస్తోందా లేదా అనేది తేల్చాలంటే పోలిక ఉండాలి" అన్నాడు. "బాధితులు ఒక వరస, ఆరోగ్యవంతులు ఒక వరస. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడాలి."

"మంచి మాట సారూ. ఆరోగ్యవంతుల్ని ఎక్కణ్నుంచి తెస్తారు?"

"రూలు ప్రకారం నలభై కిలోమీటర్ల అవతల నుంచి. ఈ నీళ్లు తగలని చోటు నుంచి. కానీ మా జీపుకి డీజిలు అర కిలోమీటరుకే శాంక్షనయింది."

గట్టు వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఎడం చెయ్యి చాపి, "వీళ్లు బాధితులు" అన్నాడు. కుడి చెయ్యి చాపి, "వీళ్లు ఆరోగ్యవంతులు" అన్నాడు. ఆయన చేతులు చాపిన తీరు చూస్తే ట్రాఫిక్ పోలీసు కూడా ముచ్చటపడేవాడు.

పెయింటుమనిషి వీధి మధ్యలో తెల్లగీత లాక్కుంటూ వచ్చి, బోరు దిమ్మె దగ్గర ఆగి, సారు వైపు చూశాడు.

"ఏం చూస్తావ్? దాని మీదనుంచే లాగెయ్."

నాకు నోరాగలేదు. "సారూ, గీతకి అటువాళ్లూ ఇటువాళ్లూ తాగేది ఈ బోరు నీళ్లే కదా?"

గ్రాఫు సారు నా భుజం మీద చెయ్యేశాడు. "అదే మన అదృష్టం మెకానిక్! పోలిక పెట్టేటప్పుడు మిగతావన్నీ సమానంగా ఉండాలి. గాలి సమానం, తిండి సమానం, నీళ్లు కూడా సమానం. ఇంత చక్కని వీధి వేరే దేశాల్లో వెతికినా దొరకదు. నీకు సైన్సు తెలీదులే." అది మొదటిసారి.

మా అక్కది ముప్పై ఎనిమిదో నంబరు. కుడి వరస. అంటే ఆరోగ్యవంతురాలు.

అక్క గురించి చెప్పాలి. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. కుట్టుమిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి నన్ను ఏడో తరగతి దాకా లాక్కొచ్చింది. బావ పోయి ఎనిమిదేళ్లయింది. నోరు మాత్రం సూది. రెండు నెలలుగా గొంతులో ముద్ద దిగట్లేదని, నాకు తెలిస్తే పని మానుకుని ఆసుపత్రుల వెంట తిరుగుతానని, చెప్పకుండా గంజి తాగి సరిపెట్టుకుంటోంది. నాకా సంగతి సర్వే పిల్ల వచ్చిన రోజునే తెలిసింది.

సర్వే పిల్ల ట్యాబ్ తీసుకుని వచ్చింది. ఎడమ వరస ఫారంలో నలభై ఎనిమిది జబ్బుల పేర్లున్నాయి. కుడి వరస ఫారంలో మూడే ప్రశ్నలు. పేరు, వయసు, మూడోది: మీరు ఆరోగ్యంగా ఉండటానికి కారణం ఏమనుకుంటున్నారు?

"ఆరోగ్యమేంటి అమ్మాయ్? గొంతులోంచి ముద్ద దిగి రెండు నెలలైంది" అంది అక్క.

నేను చేతిలో రెంచి కింద పెట్టేశాను. "రెండు నెలలా? నాకు చెప్పలేదేమే?"

"చెప్తే నువ్వు మింగిపెడతావేంట్రా? ఉండు. అమ్మాయ్, అదేదో రాసుకో."

ఆ పిల్ల ట్యాబ్ మీద పైకీ కిందకీ జరిపి చూసింది. "దానికి ఆప్షన్ లేదమ్మా. మూడే ఉన్నాయి. వ్యాయామం, మితాహారం, ప్రభుత్వ పథకాలు. ఏదో ఒకటి కొడితేనే ముందుకెళ్తుంది."

అక్క కాస్త ఆలోచించింది. "మితాహారం కొట్టు. ముద్ద దిగనిదాన్ని మితంగా కాక ఇంకెలా తింటాను?"

నెల తిరక్కుండా ఫలితాలొచ్చాయి. ఎడమ వరస ఇళ్లన్నిటికీ పసుపు కార్డులిచ్చారు. ఆ కార్డుంటే నగరంలోని పెద్దాసుపత్రిలో పరీక్షలు, ఆపరేషను, ఇంజెక్షన్లు అన్నీ ఉచితం. మంత్రిగారి గొప్పతనం దాచకూడదు, ఆ కార్డు నిజంగానే పనిచేసేది. కుడి వరస ఇళ్లకి 'ఆదర్శ ఆరోగ్య కుటుంబం' అని మంత్రిగారి ఫొటోతో సర్టిఫికెట్ ఇచ్చారు, ఫ్రేము కట్టించి మరీ. అక్క దాన్ని కుట్టుమిషను పైన మేకుకి తగిలించి, దాని అంచుకి దారపుండలు వేలాడదీసింది.

పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు కుర్రవాడే, కానీ విషయం ఉన్నవాడు. లోపలికి గొట్టం దించి చూసి బయటికొచ్చి నన్ను పక్కకి పిలిచాడు.

"అన్నవాహికలో క్యాన్సర్ అండీ. మరీ ముదరలేదు. ఇప్పుడు మొదలుపెడితే బతికించుకోవచ్చు. రెండు మూడు నెలలు దాటితే నేను మాటివ్వలేను. కార్డుందా?"

లేదన్నాను. అయితే కౌంటరు దగ్గర అడగమన్నాడు. కౌంటరాయన అంకె నోటితో చెప్పడానికి మొహమాటపడి కాగితం మీద రాసి చూపించాడు. మా వంశంలో ఏడు తరాల సంపాదన కలిపినా ఆ కాగితం నిండదు.

గ్రాఫు సారు గదికి వెళ్లాను. గోడల నిండా గీతలు. అన్నీ చదునుగా, అడ్డంగా, ప్రశాంతంగా ఉన్నాయి. ఆసుపత్రి కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన జబ్బు పేరు చూడకముందే ఇంటి నంబరు చూశాడు.

"ముప్పై ఎనిమిది. కుడి వరస. కుదరదు."

"ఏది కుదరదు సారూ?"

"కుడి వరసలో క్యాన్సర్."

"వచ్చేసింది సారూ."

"రావడం వేరు, కుదరడం వేరు. ఆరోగ్యవంతుల వరసలో క్యాన్సర్ పెడితే అది ఆరోగ్యవంతుల వరస ఎలా అవుతుందయ్యా? ఒక్క మీ అక్క కోసం ఇరవై రెండు ఇళ్ల ఆరోగ్యం పాడుచెయ్యమంటావా?"

"ఇరవై రెండు ఇళ్లలో మా అక్కొక్కతే కాదు సారూ, ఇంకా..."

"నాకు చెప్పకు! తెలిస్తే రాయాల్సొస్తుంది." రెండు చెవుల మీదా చేతులు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయనకే జాలేసిందో ఏమో, తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "చూడు మెకానిక్. మాకు మనిషి లెక్క కాదు, ఇల్లు లెక్క. ఎడమ వరసలో ఇల్లున్నవాడు బాధితుడు. నేను చెప్పానని ఎక్కడా అనకు. అసలు నీకు సైన్సు తెలీదు."

రెండోసారి.

ఎడమ వరసలో పదిహేనో నంబరు ఇస్త్రీ మామది. ముందుగదిలో ఇస్త్రీ బల్ల, వెనకగదిలో కాపురం. ఆయన వీధికంతటికీ మామే. నేను వెళ్లేసరికి పెట్టెలో బొగ్గులు ఊదుతున్నాడు.

"మామా, మా అక్కకి ఒక గది అద్దెకియ్యి."

"అద్దెకిస్తే కార్డు రాదు అల్లుడూ. మొన్నే కొత్త రూలొచ్చింది, సొంతదారుకే అని. అద్దెకని ఎక్కడెక్కడివాళ్లో వచ్చి పడుతున్నారు మరి. నిన్న ఇద్దరొచ్చారు. ఒకాయనకి కిడ్నీ. రెండో ఆయనకి ఏమీ లేదు, ముందుజాగ్రత్త."

"అయితే ముందుగది అమ్ము."

రేటు చెప్పాడు. నేను గోడ వైపు చూశాను. అడుగు నుంచి నడుము ఎత్తు దాకా చెమ్మెక్కి, సున్నం పెచ్చులూడి ఉంది.

"ఇంత చెమ్మున్న గదికి ఆ రేటేంటి మామా?"

"ఆ చెమ్మకే అల్లుడూ రేటు! గట్టు నుంచి నేరుగా వస్తోంది. ఇంతకుముందు ఈ వరసకి చుట్టాలు కూడా వచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు చూడు, బ్రోకర్లొస్తున్నారు." నవ్వి, మళ్లీ తనే తల దించుకున్నాడు. "నీ దగ్గర లాగాలని కాదురా. మీ అత్తకి కార్డు రాబట్టి ఇవాళ లేచి కూర్చుంటోంది. రేపు ఈ కార్డు ఉంటుందో ఊడుతుందో. నాలుగు రూపాయలు పక్కనుండాలి కదా."

ఆయన మాటలో తప్పేమీ లేదు. అక్క ఇల్లు అమ్ముదామంటే, కుడి వరస ఇల్లు ఎవడికి కావాలి? ఆరోగ్యవంతుల ఇల్లు. ఊరికే ఇచ్చినా ఎవడూ కాపురం ఉండడు.

మిగిలింది ఒక్కటే. గట్టుకి అవతల, వాగుకి ఎగువన, నాన్న నా పేరున రాసిన పదిహేడున్నర సెంట్ల నేల. అందులో ఒక బావి. ఆ నీళ్లలో వేసిన రాగి చెంబు కూడా నల్లబడదు. ఎప్పటికైనా అక్కడ రెండు గదులు వేసుకుని, అక్కని కూడా తెచ్చుకుని ఉండాలని నేనూ మా ఆవిడా అనుకునేవాళ్లం. అది అమ్మితే ఆసుపత్రిలో రెండు ఇంజెక్షన్లకి సరిపోతుంది. అదే డబ్బుతో ఇస్త్రీ మామ గది కొంటే వైద్యం మొత్తం అయిపోతుంది. ఏడో తరగతివాడిక్కూడా అర్థమయ్యే లెక్క.

మా ఆవిడ ఒక్కమాటే అంది. "మనిషి కంటే మన్ను ఎక్కువా? వెళ్లి అమ్మండి."

కొనే ఆయన ముఖం నేను చూడలేదు. కారు డ్రైవరు వచ్చాడు. నేల వంక చూడనైనా చూడలేదు. బావి నీళ్లు సీసాలో పట్టుకుని వెళ్లాడు. వారం తర్వాత డబ్బుతో వచ్చి సంతకం పెట్టించుకున్నాడు.

అక్క వరస మారిన రోజు చూడాల్సిందే. నేనూ మామా కుట్టుమిషను చెరోవైపూ పట్టుకున్నాం. అక్క వెనక చాప చంకలో పెట్టుకుని వచ్చింది. తెల్లగీత దగ్గర ఆగింది. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి వీధి అంతటినీ చూసింది.

"ఈ కాలికి జబ్బు లేదు, ఈ కాలికి ఉంది" అంది. అందరూ నవ్వారు. రెండో కాలు కూడా ఇటు పెట్టి, "ఇన్నాళ్లకి నా రోగానికో ఇల్లు దొరికిందిరా తమ్ముడూ" అంది.

దరఖాస్తు పెట్టాం. సర్వే పిల్ల వచ్చి ఎడమ వరస ఫారం తెరిచింది. నలభై ఎనిమిది జబ్బుల్లో అక్క జబ్బు పంతొమ్మిదోది. అది కొట్టగానే ట్యాబ్ టింగుమంది. "శుక్రవారానికి కార్డొచ్చేస్తుందమ్మా" అని ఆ పిల్ల మాకంటే ఎక్కువ సంతోషపడింది.

ఆ బుధవారం పరిశోధనా కేంద్రంలో మోటారు ఆగిపోతే నన్ను పిలిచారు. పంపు గుంట డైరెక్టరు గది కిటికీ కిందే ఉంది. గుంటలో కూర్చుని వైండింగ్ విప్పుతుంటే పైన మంత్రిగారి గొంతు వినపడింది.

"పదకొండుకి సున్నానా? ఎడమ వరసలో పదకొండు మందికి క్యాన్సర్, కుడి వరసలో సున్నా! ఇది రిపోర్టా, ఫ్యాక్టరీ గేటుకి తాళమా?"

"సర్, సైన్సు ప్రకారం..."

"నేను సైన్సుని కాదనట్లేదు డైరెక్టరుగారూ. సైన్సంటే నాకెంతో గౌరవం. గౌరవంగానే అడుగుతున్నాను. తేడా ఉండకూడదు. ఆ పదకొండుని తగ్గించండి."

"కార్డులిచ్చేశాం సర్. ఆసుపత్రిలో ఎంట్రీలు పడ్డాయి. తగ్గించలేం."

"అయితే ఆ సున్నాని పెంచండి."

గ్రాఫు సారు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"కుడి వరసలో నిజంగా ఎవరికీ లేదా?" అన్నారు మంత్రిగారు.

"ఉన్నాయి సర్. బోలెడు. ఫారంలో కాలమ్ లేదు."

"మరి పెట్టవయ్యా కాలమ్!"

ఆ విధంగా మా వీధి చరిత్రలో మొదటిసారి, ఉన్నది ఉన్నట్టు రాయమని ప్రభుత్వ ఆదేశం వెలువడింది. గుంటలో ఉన్నాను గానీ, లేకపోతే లేచి నిలబడి నమస్కారం పెట్టేవాణ్ని.

గురువారం తెల్లారేసరికి నలుగురు సర్వేవాళ్లు కుడి వరస మీద పడ్డారు. ప్రతి ఇంటి ముందూ కుర్చీ వేసుకుని, "చెప్పండమ్మా, ఏం బాధ? ఇంకా ఏమైనా ఉందా? గుర్తుచేసుకోండి" అని బతిమాలి అడిగారు. ఏడాదిగా ఎవరూ నమ్మని జబ్బుల్ని ఎవరో ఒకరు అడుగుతున్నారని కుడి వరస కళ్లనీళ్లు పెట్టుకుంది. సాయంత్రానికి లెక్క తేలింది. పదకొండు.

శుక్రవారం కార్డు కోసం వెళ్తే గ్రాఫు సారు తల మీద తడిగుడ్డ వేసుకుని కూర్చున్నాడు.

"మీ అక్క నా ప్రాణం తీస్తోందయ్యా."

"ఆవిడేం చేసింది సారూ?"

"ఎడమ పదకొండు, కుడి పదకొండు. తేడా సున్నా. ఇరవై ఐదేళ్ల సర్వీసులో ఇంత అందమైన ఫలితం నేను చూడలేదు. ఇప్పుడు మీ అక్కని ఎడమ వైపు పెడితే పన్నెండుకి పదకొండు. కుడి వైపు పెడితే పదకొండుకి పన్నెండు. ఎటు పెట్టినా తక్కెడ మొగ్గుతోంది."

"ఒక్క మనిషి తేడాకి ఏమవుతుంది?"

"ఏమవుతుందా? తేడా ఉందని రాస్తే ఎందుకుందని అడుగుతారు. నీకు సైన్సు తెలీదని ఎన్నిసార్లు చెప్పాలి? అందుకే మీ అక్కని తీసేశాం."

"తీసేసి ఎక్కడ పెట్టారు?"

"'వరస మారినవారు' అని ప్రత్యేకంగా ఒక తరగతి సృష్టించాం. అందులో మీ అక్కగారొక్కరే ఉన్నారు. ఆ తరగతిని స్టడీ నుంచి మినహాయించాం." ఆమె కోసం ఒక తరగతే సృష్టించామన్న గర్వం ఆయన గొంతులో వినపడింది.

"మరి కార్డు?"

"స్టడీలో లేని మనిషికి కార్డేంటయ్యా?"

"ఇల్లు లెక్క అన్నారు కదా సారూ. ఇల్లు కొన్నాను."

"నేనెక్కడన్నాను?" అన్నాడు. అది నిజమే. ఎక్కడా అనొద్దని కూడా ఆయనే చెప్పాడు.

కాళ్లు పట్టుకున్నానా అంటే పట్టుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గేం లేదు. ఆయన కాళ్లు వెనక్కి లాక్కుని, "లేవయ్యా, రిపోర్టు అచ్చుకి వెళ్లిపోయింది" అన్నాడు.

రిపోర్టు విడుదల ఘనంగా జరిగింది. మళ్లీ అదే టెంటు, అదే మైకు. అట్ట మీద కొండ ఫొటో, కొండ మీద మొక్కలు. మంత్రిగారు పుస్తకం ఎత్తి చూపించారు.

"పోలిక వరసలో ఎంతమందో బాధితుల వరసలోనూ అంతమందే! పదకొండుకి పదకొండు! కాబట్టి జబ్బుకీ నీళ్లకీ సంబంధం లేదని శాస్త్రీయంగా రుజువైంది. తేడా ఎంత? సున్నా! సున్నా కంటే చిన్న ప్రమాదం ప్రపంచంలో ఎక్కడైనా ఉందా, మీరే చెప్పండి!"

కొండ మీద పట్టీ కూడా పగల్లేదని గ్రాఫు సారు జతచేశాడు. ఆయనకి శాలువా కప్పారు. ఆరు నెలలు సాముచేసి మూలనున్న ముసలమ్మని పొడిచినట్టు అని మా ఇస్త్రీ మామ నా చెవిలో అన్నాడు. అన్న నోటితోనే ఆగిపోయాడు, ఎందుకంటే మంత్రిగారు ఇంకో మాట చెప్తున్నారు. ప్రమాదం లేనిచోట బాధితులుండరు, బాధితులు లేనిచోట కార్డులుండవు, కాబట్టి ఒకటో తారీకు నుంచి పసుపు కార్డులు రద్దు. ఆదా అయిన డబ్బుతో కేంద్రం రెండో దశ.

గది వెనక్కి తీసుకోమని మామని అడగలేకపోయాను. ఆయన కార్డూ పోయింది. అత్త ఇంజెక్షన్లకి నేనిచ్చిన డబ్బే కరుగుతోంది. బయటివాళ్లకి అమ్ముదామని చూశాను. చెమ్మ గోడలు చూసి, "ఈ గదికి ఎవడిస్తాడండీ?" అన్నారు బ్రోకర్లు, ఆ బ్రోకర్లే.

అక్క ఆ గదిలోనే మిషను ముందు కూర్చునేది. తొక్కే ఓపిక లేదు. గుండీలు మాత్రం కుట్టేది. చివరి వారం మంచినీళ్లు కూడా చెంచాతోనే. ఒక రోజు చెంచా నా చేతిలోంచి తీసుకుని, అందులో నీళ్లు వెలుతురుకి పెట్టి చూసి, "ఎంత శుభ్రంగా ఉన్నాయిరా, దొంగముండలు" అంది. రిపోర్టు విడుదలైన అరవై ఆరో రోజు పోయింది.

సర్వే పిల్ల ఎవరో చెప్తే విని వచ్చింది. ఎవరైనా పోతే ట్యాబ్‌లో ఎక్కించడం ఆ పిల్ల డ్యూటీ. ఎడమ వరస తెరిచింది, లేదు. కుడి వరస తెరిచింది, లేదు. లేని మనిషి పోయిందని ఎలా ఎక్కించాలో తెలీక అక్కడే నిలబడిపోయింది. చివరికి ట్యాబ్ మూసేసి సంచిలో పెట్టుకుని, అక్కకి చేతులు జోడించి వెళ్లిపోయింది. ఆ కేంద్రం మొత్తంలో ఆ పిల్ల ఒక్కదానికే ప్రమోషన్ రాదని నాకు ఆ రోజే అర్థమైంది.

మొన్న గ్రాఫు సారు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "మెకానిక్, మాకు కొత్త క్వార్టర్స్ ఇచ్చారు. బావిలో మోటారు దించాలి. మంచివాణ్ని పిలవమంటే నీ పేరే గుర్తొచ్చింది. పాతవి మనసులో పెట్టుకోకు."

మనసులో పెట్టుకోలేదు. సామాన్లు పెట్టుకుని వెళ్లాను. ఆయన చెప్పిన గుర్తులు పట్టుకుని గట్టు ఎక్కి, అవతలికి దిగి, వాగు వెంట ఎగువకి వెళ్లేసరికి మా నాన్న నేల వచ్చింది. చుట్టూ ప్రహరీ. గేటు మీద 'శాస్త్రవేత్తల నివాస గృహాలు' అని బోర్డు. ఈ స్థలాన్ని మంత్రిగారి బావమరిది కేంద్రానికి ఉదారంగా అమ్మారని రాతిపలక. గ్రాఫు సారు లుంగీ కట్టుకుని బావి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

మోటారు దించాను. పైపు బిగించాను. స్విచ్ వేస్తే నీళ్లొచ్చాయి, ఎప్పటిలాగే. గ్రాఫు సారు దోసిలి పట్టి, వాసన చూసి, నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు మెకానిక్. ఈ నీళ్లు తాగొచ్చా?"

"నన్నడుగుతారేంటి సారూ? మీ సెంటర్లో పరీక్ష చేయించుకోండి."

"ఊరుకోవయ్యా" అన్నాడు గ్రాఫు సారు. "ఇంట్లో పిల్లలు తాగే నీళ్లు."

తాగొచ్చని చెప్పాను. అబద్ధం చెప్పలేదు. మా అక్క ఏ లెక్కలోనూ లేదు గనక, ఈ పరిశోధన వల్ల మొత్తం మీద నేను పోగొట్టుకున్నది పదిహేడున్నర సెంట్లు, బావితో సహా.